వెలిసిపోయి గీతలు పడిన క్వాడ్ బైకు ప్లాస్టిక్‌కు మళ్లీ రంగు తేవడం ఎలా?

మట్టిబాట (ప్రశ్న):

అందరికీ నమస్కారం. 12 ఏళ్ల నాటి ఎర్ర రంగు క్వాడ్ బైకు (మట్టిదారుల్లో నడిపే నాలుగు చక్రాల బండి) ఒకటి రెండు నెలల క్రితం సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇంజన్ చక్కగా ఉంది, గేర్లు సాఫీగా పడుతున్నాయి, కానీ పైన ఉన్న ప్లాస్టిక్‌ను చూస్తే మనసు చివుక్కుమంటోంది. పాత యజమాని బండిని ఏళ్ల తరబడి ఒక గోడ పక్కన ఆరుబయటే నిలిపి ఉంచారట. గోడ నీడ పడిన కుడివైపు కొంత ఎరుపు మిగిలింది గానీ, ఎండ తగిలిన ఎడమవైపు మడ్‌గార్డులు రెండూ పూర్తిగా వెలిసి లేత గులాబీ రంగుకు వచ్చేశాయి. బొటనవేలితో రుద్దితే సుద్దలాంటి పొడి అంటుకుంటోంది. నిన్న వెనుక మడ్‌గార్డు మీది పాత స్టిక్కరును ఊడదీసినప్పుడు, దాని కింద అరచేతి మేర నిండు ఎరుపు కనిపించింది. అది చూసిన తర్వాత మిగతాదాన్ని ఇలాగే వదిలేయడానికి మనసు ఒప్పడం లేదు.

వెలిసిపోవడం ఒక్కటే కాదు. ముళ్ల కంపల మధ్య నడపడం వల్ల సన్నని గీతలు లెక్కలేనన్ని ఉన్నాయి. ముందు మడ్‌గార్డు అంచు ఎప్పుడో రాయికి ఒరుసుకున్నట్టుంది, అక్కడ గోరు దిగేంత లోతైన గాడి పడి, దాని ఒడ్డున ప్లాస్టిక్ పెచ్చులా లేచి ఉంది. వెనుక మడ్‌గార్డు మడత దగ్గర, బహుశా బండి పక్కకు పడినప్పుడు బలంగా వంగిన చోట, పాలచారలా ఒక తెల్లటి మరక ఉంది. కారు లోపలి భాగాలకు వాడే మెరుపు ద్రవం పూసి చూశాను. పూసిన రోజున కొత్త బండిలా నిగనిగలాడింది, రెండుసార్లు కడిగేసరికి మళ్లీ గులాబీ రంగుకే వచ్చింది. దీనిని రుద్ది బాగుచేయవచ్చా, రంగు వేయించుకోవాలా, లేక కొత్త మడ్‌గార్డులు కొనడమే మేలా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

పాతపానా:

మట్టిబాట గారూ, స్టిక్కరు కింద మీరు చూసిన ఎరుపు మిగతా చోట్ల కూడా ఉంది, చచ్చిపోయిన పైపొర దానిని కప్పేసింది, అంతే. ఇలాంటి బండ్ల మడ్‌గార్డులకు సాధారణంగా రంగు పైన పూయరు, ప్లాస్టిక్‌ను అచ్చులో పోసేముందే అందులో కలుపుతారు. అందుకే మడ్‌గార్డును అడ్డంగా కోసి చూస్తే మందం పొడవునా అదే ఎరుపు కనిపిస్తుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, గాలిలోని ఆక్సిజన్ కలిసి పైపొరలోని పొడవైన అణుగొలుసులను తెంపుతాయి. తెగిన చోట కంటికి కనిపించనంత సన్నని బీటలు పుడతాయి, వాటి మీద పడిన వెలుతురు నానా దిక్కులకూ చెదిరిపోవడం వల్ల మనకు తెల్లగా, పాలిపోయినట్టుగా కనిపిస్తుంది. మీరు పూసిన ద్రవం చేసింది ఆ బీటలను నింపడం మాత్రమే. తడిసిన గులకరాయి రంగు తేలినట్టే అప్పుడు ఎరుపు పైకి తేలింది, ద్రవం కడుక్కుపోగానే బీటలు మళ్లీ బయటపడ్డాయి. కాబట్టి ఆ పొరను తీసేయడమే తప్ప దాని మీద ఏది పూసినా కొద్ది రోజుల ముచ్చటే.

అయితే పని మొదలుపెట్టే ముందు అది ఏ ప్లాస్టిక్కో తెలుసుకోండి. మడ్‌గార్డును విప్పి లోపలివైపు చూస్తే రెండు కోణపు గుర్తుల మధ్య అక్షరాలు అచ్చుపోసి ఉంటాయి. పీపీ అని ఉంటే పాలీప్రొపిలీన్, పీఈ అని ఉంటే పాలిథిలీన్, ఏబీఎస్ అని ఉంటే అదే పేరున్న మరో గట్టి రకం ప్లాస్టిక్. మట్టిదారుల్లో నడిపే రెండు చక్రాల డర్ట్ బైకుల మడ్‌గార్డులు చాలావరకు పాలీప్రొపిలీనే. క్వాడ్ బైకులలో పాలిథిలీన్ కూడా విరివిగా కనిపిస్తుంది. గుర్తు అరిగిపోయి ఉంటే కనిపించని అంచు నుంచి చిన్న తురుము గీరి, ఒక చుక్క సబ్బు కలిపిన నీళ్లలో వేయండి. నీటికన్నా తేలికైన మొదటి రెండూ తేలుతాయి, ఏబీఎస్ మునుగుతుంది. సుద్దరాతి పొడి వంటివి కలిపి గట్టిపరచిన పాలీప్రొపిలీన్ కూడా మునిగే అవకాశం ఉంది కనుక, అక్షరాలు దొరికితే వాటినే నమ్మండి. ఏబీఎస్ భాగాలలో కొన్నింటికి రంగు పైన పలుచని పొరగానే ఉంటుంది. అలాంటిదాన్ని రుద్దితే కింది వేరే రంగు బయటపడి పని చెడుతుంది కాబట్టి, మొదట లోపలి అంచున రుద్ది చూడకుండా ముందుకు వెళ్లవద్దు.

మీది రంగు కలిపి పోసిన పాలీప్రొపిలీన్ గానీ పాలిథిలీన్ గానీ అయితే ఇలా చేయండి. భాగాలన్నీ విప్పి సబ్బునీళ్లతో, జిడ్డు వదిలించే ద్రవంతో రెండుసార్లు కడగండి. మట్టి రేణువు ఒక్కటి మిగిలినా అది ఉప్పుకాగితం కింద పడి మీరు తీసే గీతల కన్నా లోతైన గీత పెడుతుంది. రాయి తగిలిన గాడి దగ్గర ముందుగా కాగితం పెట్టకండి. పదునైన బ్లేడును ప్లాస్టిక్‌కు నిటారుగా నిలబెట్టి, కోయకుండా, మీవైపు లాగుతూ గీరండి. సరైన కోణం కుదిరినప్పుడు కొబ్బరి తురుములా సన్నని చుట్టలు లేస్తాయి, బ్లేడు ఎగిరెగిరి పడుతుంటే కోణం తప్పిందని అర్థం. లేచిన పెచ్చు తెగిపోయి గాడి ఒడ్డులు వాలుగా మారితే సగం గాడి కంటికి ఆనదు. ఇటువంటి మడ్‌గార్డుల మందం చాలావరకు 3 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది కనుక, గాడి అడుగు కనిపించకుండా పోయేదాకా గీరాలన్న పట్టుదల వద్దు. అక్కడ పలచబడిన ప్లాస్టిక్ తర్వాతి దెబ్బకు చీలిపోతుంది.

ఆ తర్వాత వాటర్ పేపర్, అంటే తడిపి రుద్దే ఉప్పుకాగితం. నంబరు పెరిగేకొద్దీ దాని గరుకు తగ్గుతుంది. గీతలు ఎక్కువ ఉన్నచోట 220తో, వెలిసిపోవడం మాత్రమే ఉన్నచోట 400తో మొదలుపెట్టి, వరుసగా 600, 800, 1000, 1500, 2000 వరకు నీళ్లలో తడుపుతూ రుద్దాలి. ఒక నంబరును నిలువుగా రుద్దితే తర్వాతిదాన్ని అడ్డంగా రుద్దండి, అప్పుడు వెనుకటి నంబరు గీతలు ఇంకా మిగిలాయో లేదో వెలుతురులో తేలికగా తెలుస్తుంది. నంబరు మారిన ప్రతిసారీ భాగాన్ని కడిగి బకెట్ నీళ్లను మార్చాలి. ఈ మెట్లలో అందరూ తొందరపడేది 600 దగ్గరే. అక్కడ మిగిలిపోయిన గీత 2000 దాకా వెళ్లినా పోదు, మెరుపు వచ్చాక ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది.

వేసవిగాలి:

పాతపానా గారు చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తూ, హీట్ గన్ (బాగా వేడి గాలిని చిమ్మే పరికరం) గురించి కొంత చెప్పదలచుకున్నాను, ఎందుకంటే ఈ విషయం అడిగిన వారందరికీ ఎవరో ఒకరు వెంటనే ఆ సలహానే ఇస్తున్నారు. వెలిసిన ప్లాస్టిక్ మీద వేడి గాలి పట్టిస్తే పైపొర కరిగి సన్నని బీటలు మూసుకుపోయి రంగు కళ్లముందే తిరిగి వస్తుందన్నది నిజమే. కానీ తెగిన గొలుసులు మళ్లీ అతుక్కోవు. చచ్చిన పొర అక్కడే ఉంటుంది, పైగా అందులో ఎండను తట్టుకునేందుకు కలిపిన మందు ఎప్పుడో అయిపోయి ఉంటుంది కాబట్టి, కొద్ది నెలల ఎండకే మునుపటికన్నా త్వరగా పాలిపోతుంది. నేను నా మొదటి బండికి అచ్చంగా ఈ పొరపాటే చేశాను. అంతటితో ఆగక, వెనుక మడ్‌గార్డును బండి మీద ఉండగానే వేడి చేస్తూ ఒకేచోట మూడు నాలుగు క్షణాలు ఆగేసరికి అది నా కళ్ల ముందే అలలా జారి, చక్రం వైపు వేలాడి, అలాగే గట్టిపడిపోయింది. ఆ భాగాన్ని మార్చక తప్పలేదు.

లెక్క చూస్తే అది ఎందుకు జరిగిందో తెలుస్తుంది. గట్టి రకం పాలిథిలీన్ సుమారు 130 డిగ్రీల సెల్సియస్ దగ్గర, పాలీప్రొపిలీన్ సుమారు 160 దగ్గర కరుగుతాయి. ఏబీఎస్ 100 దాటగానే మెత్తబడడం మొదలవుతుంది. హీట్ గన్ మూతి దగ్గర గాలి 500 డిగ్రీల వరకు ఉండవచ్చు. అందుకే గన్‌ను జానెడు దూరంలో పట్టుకుని, ఇస్త్రీ పెట్టెలా ఆగకుండా కదుపుతూ ఉండాలి, ఉపరితలం తడిసినట్టు మెరిసిన క్షణంలోనే అక్కడి నుంచి తప్పుకోవాలి. పెట్రోలు ట్యాంకు దగ్గర దీన్ని ఎట్టిపరిస్థితుల్లోనూ వాడకండి, భాగాన్ని విప్పి దూరంగా తీసుకెళ్లాకే వాడండి.

హీట్ గన్ నిజంగా పనికొచ్చేది మీ తెల్ల మరకకు. అక్కడ ప్లాస్టిక్ బలంగా వంగినప్పుడు లోపల సూక్ష్మమైన ఖాళీలు ఏర్పడ్డాయి, వాటి వల్లనే వెలుతురు చెదిరి తెల్లగా కనిపిస్తోంది. ఆ మరక పైపొరలో లేదు కనుక ఎంత రుద్దినా పోదు. మెల్లగా వేడి తగిలిస్తే సాగిన గొలుసులు సడలి ఖాళీలు చాలావరకు మూసుకుంటాయి. నేను వెనుకవైపు నుంచి వేడి చేసి, ముందువైపు తెలుపు తగ్గడాన్ని చూస్తూ ఆపుతాను. మరీ పాత, లోతైన మరక అయితే పూర్తిగా పోకుండా నీడలా మిగులుతుంది. అక్కడ ప్లాస్టిక్ బలహీనపడిందని గుర్తుంచుకుని మళ్లీ మళ్లీ వంచకండి.

పూతపని:

రంగు వేయించుకోవాలా అని అడిగారు కనుక ఆ ఒక్క విషయం చెబుతాను. రంగులు వేయడమే నా పని, అయినా మీ మడ్‌గార్డులకు రంగు వేయవద్దనే చెబుతున్నాను. పాలీప్రొపిలీన్, పాలిథిలీన్ రెండూ మైనపు స్వభావం ఉన్నవి. తామరాకు మీద నీటిబొట్టులా వాటి మీద రంగు పరుచుకోదు, పట్టుకోదు. కర్మాగారాలలో మంట చూపించి ఉపరితల స్వభావాన్ని మార్చి గానీ, క్లోరిన్ కలిసిన పాలీఓలెఫిన్ ఉన్న ప్రత్యేకమైన ప్రైమర్ (రంగు పట్టుకునేందుకు ముందుగా వేసే పూత) పలుచగా కొట్టి గానీ రంగు నిలబెడతారు. ఇంటి దగ్గర ఆ ప్రైమర్ వాడి, సాగే గుణం కోసం రంగులో కలపాల్సినది కలిపి, ఎంత శ్రద్ధగా చేసినా, మడ్‌గార్డు చేతితో వంచితే వంగేది, దాని మీది రంగు అంతగా వంగలేనిది. కొమ్మ ఒరుసుకున్న మొదటి రోజే గీత పడి, ఆ గీత దగ్గర నుంచి పొర పొరగా లేచిపోతుంది. ప్లాస్టిక్‌లోనే రంగు ఉన్న భాగానికి గీత పడినా కింద కనిపించేది అదే రంగు. దుమ్ములో రాళ్లలో తిరిగే బండికి ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదు, దాన్ని పోగొట్టుకోకండి.

భాగం ఏబీఎస్‌ది అయినప్పుడు, లేదా రంగే మార్చుకోవాలనుకున్నప్పుడు మాత్రం రంగు గురించి ఆలోచించవచ్చు. అప్పుడైనా ముందు పూసిన మెరుపు ద్రవంలో సిలికోన్ ఉంటే దాన్ని పూర్తిగా వదిలించాలి. అది ఏమాత్రం మిగిలినా రంగు చేపకన్నుల్లా గుండ్రంగా విడిపోతుంది. కొందరు అవిసె నూనె పూయమంటారు. అది ఆరుతూ కొంతకాలం మెరుపు నిలుపుతుంది గానీ దుమ్మును పట్టి నల్లబడుతుంది. దానికన్నా ముఖ్యమైనది, ఆ నూనెతో తడిసిన గుడ్డలను ముద్దగా చుట్టి మూలన పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. వాడితే గుడ్డలను ఆరుబయట విడివిడిగా పరచి ఆరబెట్టండి, లేదా నీళ్లలో ముంచి ఉంచండి.

మట్టిబాట:

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. ఆదివారం నాడు ఎడమ వెనుక మడ్‌గార్డును విప్పాను. లోపల పీఈ అన్న అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి, తురుము కూడా నీటిపై తేలింది. లోపలి అంచున అగ్గిపెట్టె అంత చోటులో 400తో రుద్దితే మొదట వచ్చిన నీళ్లు పాలలా తెల్లగా, లేత గులాబీగా ఉన్నాయి. ఇరవై ముప్పై రాపిడ్ల తర్వాత ఆ నీళ్లే కుంకుమ కలిపినట్టు ఎర్రబడ్డాయి. గుడ్డతో తుడిచేసరికి స్టిక్కరు కింద చూసిన ఎరుపే అక్కడా కనిపించింది. ఆ నీటి రంగు మారడం చూశాక, ఎంతవరకు రుద్దాలో ఎవరూ చెప్పనవసరం లేదనిపించింది.

తెల్ల మరక వేసవిగాలి గారు చెప్పినట్టే వెనుకనుంచి వేడి చేయడంతో ముప్పావు వంతు పోయింది. రాయి గాడిని బ్లేడుతో గీరాను. మొదట చేయి వణికింది గానీ, చుట్టలు లేవడం మొదలయ్యాక సులువుగానే సాగింది.

ఇప్పుడు రెండు ఇబ్బందులు మిగిలాయి. ఒకటి, 2000 వరకు వెళ్లినా రంగు నిండుగా ఉంది గానీ మెరుపు లేదు, మంచు పట్టిన అద్దంలా ఉంది. పాలిషింగ్ పేస్టుతో, డ్రిల్లుకు బిగించిన బఫింగ్ చక్రంతో ప్రయత్నిస్తే ఒకచోట మెరిసింది, పక్కనే వేడెక్కి మసకగా పులిమినట్టయింది. రెండవది, స్టిక్కరు ఉన్న ముక్క అంచులు మిగతా భాగం రుద్దాక కూడా సన్నని చతురస్రపు గీతలా కనిపిస్తున్నాయి.

పాతపానా:

మట్టిబాట గారూ, చాలా ఓపికగా చేశారు. రెండో ఇబ్బంది తేలికైనది కనుక ముందు దాని సంగతి చెబుతాను. స్టిక్కరు కింది ప్లాస్టిక్‌కు ఎండ తగలలేదు గనుక అక్కడ పోయిన పొర లేదు, చుట్టూ మాత్రం ఒక పొర పోయింది, ఇప్పుడు మీరు ఇంకొంత తీశారు. అందువల్ల ఆ ముక్క వెంట్రుకవాసి ఎత్తుగా ఉంది, దాని ఒడ్డే మీకు గీతలా కనిపిస్తోంది. చేతివేళ్లతో కాగితం పట్టుకుని రుద్దితే వేళ్ల ఒత్తిడి ఆ ఒడ్డును చూసీచూడనట్టు దాటిపోతుంది. కాస్త గట్టి రబ్బరు ముక్కకు 400 కాగితం చుట్టి, స్టిక్కరు చోటుతో పాటు దాని చుట్టూ జానెడు మేర కలిపి ఒకే సమంగా రుద్దండి. మళ్లీ మెట్లన్నీ ఎక్కాలి, అది తప్పదు. స్టిక్కరు జిగురు ఇంకా మిగిలి ఉంటే మాత్రం ముందు దాన్ని వదిలించండి, లేకపోతే కాగితం నిండిపోయి గీతలు పెడుతుంది.

మెరుపు విషయంలో లోపం మీ చేతిలో లేదు, పాలిథిలీన్ స్వభావమే అంత. అది మెత్తనిది, గోటితో గట్టిగా నొక్కితే గీత పడేంత మైనంలా ఉంటుంది. గట్టి ప్లాస్టిక్‌ను పాలిష్ చేస్తే పైగీతలు నునుపుగా అరిగిపోతాయి, దీనిలో మాత్రం రాపిడి వేడికి అవి అరగకుండా పులుముకుపోతాయి. చక్రాన్ని అతి తక్కువ వేగంలో తిప్పుతూ, చేతిని ఒకచోట నిలపకుండా, మధ్య మధ్య తడిగుడ్డతో చల్లబరుస్తూ చేస్తే కొంత మెరుపు వస్తుంది. అంతకు మించి కావాలంటే హీట్ గన్‌కు సరైన సమయం ఇదే. చచ్చిన పొర పూర్తిగా పోయింది కాబట్టి ఇప్పుడు కరిగేది బతికున్న ప్లాస్టిక్. భాగం పూర్తిగా ఆరిన తర్వాత, వేసవిగాలి గారు చెప్పినట్టు కదుపుతూ ఒక్కసారి గాలి పట్టిస్తే 2000 కాగితం గీతలు కలిసిపోయి మెరుపు తేలుతుంది. దీన్ని కూడా ముందు లోపలి అంచున చేసి చూడండి. అద్దం లాంటి మెరుపు కోసం రెండోసారి, మూడోసారి వేడి చేయకండి. కొత్త భాగాలకు అద్దపు మెరుపు నునుపైన అచ్చు వల్ల వస్తుంది, చేతిపనిలో దానికి చాలా దగ్గరగా వెళ్లవచ్చు గానీ సరిగ్గా అక్కడికి చేరలేము, అయినా నాలుగడుగుల దూరం నుంచి చూసేవారికి ఆ తేడా తెలియదు.

వేసవిగాలి:

ఒక మాట చేర్చాలి. కొత్తగా బయటపడిన ఎరుపుకు ఇక నుంచి రక్షణ కావాలి. ఎండ తీవ్రతను అడ్డుకునే, నీటి ఆధారంగా తయారైన ప్లాస్టిక్ రక్షక ద్రవాన్ని కడిగి ఆరిన భాగానికి పలుచగా పూసి, మిగిలినదాన్ని పొడిగుడ్డతో తుడిచేయండి. కొన్ని వారాలకు ఒకసారి ఇలా చేస్తూ ఉండాలి. కాళ్లు పెట్టే చోట, సీటు మీద, హ్యాండిల్ దగ్గర మాత్రం పూయకండి, పట్టు జారి ప్రమాదం జరుగుతుంది. వీటన్నిటికన్నా ఎక్కువ మేలు చేసేది నీడ. మీ బండి కుడివైపు మిగిలిన ఎరుపుకు గోడ నీడ తప్ప వేరే కారణం లేదు. కప్పు కింద నిలిపే వీలు లేకపోతే గాలి ఆడే గుడ్డ తొడుగైనా వేయండి, వేసేముందు బండి మీది దుమ్ము కడిగేయండి, లేకపోతే గాలికి కదిలే తొడుగు కిందే కొత్త గీతలు పడతాయి.

మట్టిబాట:

ఈ శనివారానికి ఎడమవైపు మడ్‌గార్డులు రెండూ పూర్తయ్యాయి. చతురస్రపు గీత పోయింది. వేడి గాలి ఒక్కసారే పట్టించాను. గన్ దాటిన వెంటనే వెనుకనే తడిమెరుపు నడిచి వస్తున్నట్టు కనిపించిన ఆ కొద్ది క్షణాల కోసం మూడు ఆదివారాలు రుద్దినా సంతోషమే. రాయి గాడి అడుగు ఇంకా ఒక సన్నని నీడలా ఉంది, దాన్ని అలాగే ఉంచేశాను. తిరిగి బిగించేటప్పుడు ఒక బోల్టు రంధ్రం దగ్గర అర అంగుళం పొడవున చిన్న చీలిక కనిపించింది. దానికి ఏమి చేయాలి?

పాతపానా:

చీలిక కొసన, అంటే అది ఆగిన చోట, 3 మిల్లీమీటర్ల డ్రిల్లుతో చిన్న రంధ్రం వేయండి. పదునైన కొస గుండ్రంగా మారితే ఒత్తిడి ఒకేచోట పోగుపడదు, చీలిక ముందుకు పాకదు. ఆ తర్వాత చీలిక వెంట లోపలివైపు నుంచి వి ఆకారంలో గాడి తీసి, ప్లాస్టిక్ వెల్డింగ్ తెలిసినవారి చేత పాలిథిలీన్ కడ్డీతోనే నింపించండి, వేరే ప్లాస్టిక్ కడ్డీ దానితో కలవదు. మామూలు జిగుర్లు కూడా, రంగు నిలబడని ఆ కారణానికే, నిలబడవు. బిగించేటప్పుడు బోల్టు తల కింద వెడల్పాటి వాషరు, దాని కింద పలుచని రబ్బరు వాషరు పెట్టి, భాగం కదలకుండా నిలిచే వరకు మాత్రమే తిప్పండి. ఈ ప్లాస్టిక్ మీటరు పొడవుకు 10 డిగ్రీల వేడి తేడాకే ఒక మిల్లీమీటరు పైగా సాగుతుంది. ఎండలో సాగడానికి చోటు లేకుండా బిగించేస్తే చీలిక మొదలయ్యేది ఆ బోల్టు రంధ్రం దగ్గరే.